సేంద్రియ ముద్ర ఎవరి చేతిలో ఉంది?

మన దేశంలో ఆహారం మీద 'ఆర్గానిక్' అని రాసి అమ్మాలంటే సర్టిఫికెట్ ఉండాలన్న నిబంధన 2018 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎగుమతి చేసే సరుకుకే ఆ పట్టింపు ఉండేది. విదేశాలకు వెళ్లే నువ్వులకు, బాస్మతి బియ్యానికి 2001 నుంచే ప్రభుత్వ ప్రమాణాలు, తనిఖీలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనే కందిపప్పు మీద మాత్రం ఎవరు ఏం రాసుకున్నా అడిగేవాళ్లు లేరు. బయటి దేశాలవాళ్లకు దొరికిన రక్షణ మనకు రావడానికి మరో పదహారు పదిహేడేళ్లు పట్టింది.

ఆ తేడా ఇంకా పూర్తిగా పోలేదు. మన సేంద్రియ ధ్రువీకరణ వ్యవస్థ ఎగుమతిదారుల అవసరం కోసం పుట్టింది. రైతు, ఊళ్లో కొనుక్కుని తినేవాళ్లు తర్వాత వచ్చి చేరారు. ఇప్పుడు కనిపించే చిక్కుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. పొట్లం మీద ముద్ర చూసి 'ఇది నిజమేనా?' అని అనుమానపడేవాళ్లూ, మందులు మానేసి 'నా పంటకు ధర ఎందుకు రావట్లేదు?' అని బాధపడే రైతులూ తెలుసుకోవాల్సింది ఒకటే. ఆ ముద్ర దేన్ని చూసి వేస్తారు, ఎవరు వేస్తారు, అది ఎవరి పేరు మీద ఉంటుంది?

దేన్ని చూసి వేస్తారు

పండిన గింజను ల్యాబ్‌లో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారని చాలామంది అనుకుంటారు. అసలు ఇచ్చేది పండించిన పద్ధతికి. ఏ విత్తనం వాడారు, ఎరువు ఎక్కడి నుంచి తెచ్చారు, పురుగుకు ఏం కొట్టారు, పక్క పొలం నీళ్లు ఇటు వస్తాయా, కోత మిషన్ అంతకుముందు ఎవరి చేలో తిరిగింది, ధాన్యం ఏ గోదాములో పెట్టారు, మిల్లులో మామూలు ధాన్యంతో కలవకుండా ఏం చేశారు? ఇవన్నీ ఎప్పటికప్పుడు రాసిపెట్టి చూపించాలి. ల్యాబ్ పరీక్షలూ ఉంటాయి కానీ అవి కొన్ని నమూనాల మీద, అనుమానం తీర్చుకోవడానికి చేసేవి.

రసాయన ఎరువులు, పురుగుమందులు, కలుపు మందులు, జన్యుమార్పిడి విత్తనాలు వాడకూడదు. ఈ ఏడాది మానేస్తే వచ్చే పంట సేంద్రియం అయిపోదు. వరి, కంది, వేరుశనగ లాంటి ఏటా వేసే పంటలైతే విత్తడానికి ముందు 2 ఏళ్లు, మామిడి, కాఫీ లాంటి తోటలైతే కోతకు ముందు 3 ఏళ్లు పొలం మార్పు దశలో ఉండాలి. దీన్ని కన్వర్షన్ అంటారు. ఆ కాలమంతా రైతు నియమాలన్నీ పాటించాలి, పంటను మాత్రం సేంద్రియం అని చెప్పి అమ్మకూడదు. దిగుబడి పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఆ తొలి ఏళ్లలోనే. నష్టం ముందు వస్తుంది, ధర తర్వాత వస్తుంది. ఈ రెండిటికీ మధ్య ఉన్న కాలంలో రైతు ఎలా బతకాలన్నదే సేంద్రియ విధానాలన్నిటిలోకీ కష్టమైన భాగం. కేంద్రం 2015లో తెచ్చిన పరంపరాగత్ కృషి వికాస్ యోజన, గుంపుగా మారే రైతులకు 3 ఏళ్లపాటు సాయం ఇచ్చే పథకం. ఈ ఖాళీని కొంతైనా పూడ్చడానికే అది వచ్చింది.

అన్నీ సరిగ్గా చేసినా పంటలో మందు అవశేషం అసలు ఉండదని చట్టం కూడా అనుకోదు. పక్క చేలో పిచికారీ చేస్తే గాలికి తుంపర్లు ఇటు పడతాయి. కాలువ నీళ్లలో కొంత వస్తుంది. నేలలో పాత మందులు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అందుకే ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, 2017లో తెచ్చిన నిబంధనల్లో ఒక హద్దు పెట్టింది. మామూలు ఆహారంలో ఒక పురుగుమందు ఎంతవరకు ఉండొచ్చని పరిమితి ఉందో, సేంద్రియ ఆహారంలో అందులో 5 శాతం మించకూడదు. ఆ 5 శాతం ల్యాబ్ పరికరం కొలవగలిగిన కనీస మోతాదు కంటే తక్కువైతే ఆ కనీస మోతాదునే హద్దుగా తీసుకుంటారు. లెక్క కోసం చెప్పాలంటే, ఒక మందుకు మామూలు పరిమితి కిలోకు 1 మిల్లీగ్రాము అనుకుంటే సేంద్రియంలో అది 0.05 మిల్లీగ్రాము. 'జీరో కెమికల్' అని పెద్ద అక్షరాలతో రాసేవాళ్లు చట్టం కూడా ఇవ్వని హామీ ఇస్తున్నారన్నమాట.

ఎగుమతి కోసం వేసిన దారి

మన దగ్గర ధ్రువీకరణకు రెండు దారులున్నాయి. పాతది జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, ఎన్‌పీఓపీ. కేంద్ర వాణిజ్య శాఖ 2000లో మొదలుపెట్టింది. నడిపేది వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతులు చూసే అపెడా. 'ఇండియా ఆర్గానిక్' ముద్ర దీనిదే. ఇందులో ప్రభుత్వం తానే పొలానికి రాదు. కొన్ని సంస్థలకు గుర్తింపు ఇస్తుంది, ఆ సంస్థల ఇన్‌స్పెక్టర్లు వస్తారు. వాటిలో ప్రైవేటువి ఉన్నాయి, రాష్ట్ర ప్రభుత్వాలవీ ఉన్నాయి.

పద్ధతి కాగితం మీద గట్టిగానే ఉంటుంది. ఏడాదికోసారైనా తనిఖీ జరగాలి. 2010 నుంచి ట్రేస్‌నెట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ప్రతి పొలం, ప్రతి లాట్ ఎక్కించాలి. సరుకు చేతులు మారినప్పుడల్లా ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ కావాలి. రైతు నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఎగుమతిదారుకు ఎంత బరువు వెళ్లిందో అందులో ఉంటుంది. పది ఎకరాల్లో పండగలిగినదానికంటే ఎక్కువ బస్తాలు అమ్మితే లెక్క తేలిపోవాలని ఉద్దేశం.

ఒక లోపం ఈ పద్ధతి పునాదిలోనే ఉంది. తనిఖీ చేయించుకునేవాళ్లే తనిఖీ సంస్థకు ఫీజు కడతారు. కఠినంగా ఉండే సంస్థ నచ్చకపోతే మరోచోటికి వెళ్లొచ్చు. ఇది మన దేశానికే పరిమితమైనది కాదు, ప్రపంచంలో చాలాచోట్ల ఇంతే. అయితే ఈ లోపాన్ని అదుపులో పెట్టాలంటే పైన ఉన్న నియంత్రణ సంస్థ తరచూ, చెప్పాపెట్టకుండా వచ్చి చూడాలి. ఆ పని బలహీనంగా జరిగిన చోట ఏమైందో తర్వాత చెబుతాను.

సర్టిఫికెట్ ఎవరి పేరు మీద?

రెండు మూడు ఎకరాల రైతు ఒక్కడే ఫీజు కట్టి, ఈ రికార్డులన్నీ రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం కుదరని పని. అందుకే గుంపు పద్ధతి వచ్చింది. ఎన్‌పీఓపీలో చాలాకాలం 25 నుంచి 500 మంది రైతులు ఒక గుంపుగా చేరేవాళ్లు. గుంపుకు సొంత తనిఖీ వ్యవస్థ ఉంటుంది. లోపలి ఇన్‌స్పెక్టర్లు ప్రతి పొలం తిరిగి డైరీలు రాస్తారు. బయటి సంస్థ వచ్చి అందులో కొన్ని పొలాలే చూస్తుంది. ఎన్ని చూడాలో లెక్కకు వర్గమూలం వాడుతూ వచ్చారు. 400 మంది ఉంటే కనీసం 20 పొలాలు. ప్రమాదం ఎక్కువ అనుకుంటే ఇంకొన్ని. మిగిలిన 380 పొలాల సంగతి లోపలి మనుషులు రాసిన కాగితాల మీదే ఆధారపడుతుంది.

ఆ లోపలి మనుషులకు జీతం ఎవరు ఇస్తారు? ఎక్కువసార్లు పంట కొనే కంపెనీయే ఇస్తుంది. గుంపును కట్టేదీ, ఫీజు చెల్లించేదీ, కాగితాలు నడిపేదీ అదే. కాబట్టి సర్టిఫికెట్ కూడా దాని చేతిలోనే ఉంటుంది. దీని ఫలితం రైతు మీద ఎలా పడుతుందో చూడండి. మూడేళ్లు మందు ముట్టుకోకుండా పొలాన్ని మార్చింది రైతు. కంపెనీ ఆ ఏడాది కొనకపోయినా, తక్కువ ధర చెప్పినా, అదే పంటను సేంద్రియం అని మరొకరికి అమ్ముకోవడానికి అతని చేతిలో కాగితం లేదు. మార్కెట్ యార్డుకు తీసుకెళ్తే అది మామూలు ధాన్యమే. తన పేరు ఒక గుంపు జాబితాలో ఉందన్న సంగతే తెలియని రైతులు ఉన్నారన్న ఫిర్యాదులు పత్తి ప్రాంతాల నుంచి వచ్చాయి. ఇది నన్ను బాగా కలవరపెట్టే విషయం. శ్రమ పడినవాడికి దాని రుజువు మీద హక్కు లేకపోతే ఆ వ్యవస్థ ఎంత పకడ్బందీగా ఉన్నా న్యాయమైనదని అనలేం.

2025 జనవరిలో విడుదలైన ఎన్‌పీఓపీ 8వ కూర్పు ఈ విషయాన్ని పట్టించుకుంది. పాత గుంపు పద్ధతి స్థానంలో సేంద్రియ రైతు సమూహాలకు చట్టబద్ధమైన హోదా తెచ్చింది. దీని వెనక యూరప్ ఒత్తిడి కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ కొత్త సేంద్రియ చట్టం ప్రకారం రైతుల సమూహానికి సొంత చట్టబద్ధ గుర్తింపు ఉండాలి, సభ్యులు 2,000 మించకూడదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, ఎఫ్‌పీఓలు, ఈ మార్పును గట్టిగా అందిపుచ్చుకుంటే సర్టిఫికెట్ మొదటిసారి పెద్ద ఎత్తున రైతుల సొంత సంస్థల చేతికి రావొచ్చు. కంపెనీలే పేరుకు ఒక సంఘాన్ని రిజిస్టర్ చేయించి పాత పనే కొనసాగించే ప్రమాదమూ అంతే ఉంది. సంఘంలో సంతకం పెట్టే అధికారం, లెక్కల పుస్తకం, ట్రేస్‌నెట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉన్నాయో చూస్తే ఈ రెండిట్లో ఏది జరుగుతోందో తెలిసిపోతుంది.

నమ్మకం ఎక్కడ సడలింది

2020లో సేంద్రియ వస్త్రాలకు ముద్ర ఇచ్చే అంతర్జాతీయ సంస్థ గాట్స్ ఒక ప్రకటన చేసింది. భారత్ నుంచి వచ్చిన దాదాపు 20,000 టన్నుల పత్తికి నకిలీ పత్రాలు చూపి సేంద్రియ ముద్ర వేయించారని తేలింది. అంత పత్తి పొలాల్లో పండలేదు, కాగితాల మీద పండింది. దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీ విత్తనమే, అంటే సేంద్రియంలో వాడకూడని జన్యుమార్పిడి విత్తనం. బీటీ కాని విత్తనం దుకాణంలో దొరకడమే కష్టం. ఆదిలాబాద్‌లోనో కర్నూలులోనో పత్తి వేసే ఏ రైతును అడిగినా ఈ మాటే చెబుతారు. విత్తనమే దొరకని చోట అంత సేంద్రియ పత్తి ఎక్కడి నుంచి వస్తోందని ముందుగా ఎవరూ అడగలేదు.

అదే ఏడాది యూరప్‌లో మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడింది. ఇది పొలంలో కొట్టే మందు కాదు. క్రిములు పోవడానికి గోదాముల్లో, ప్రాసెసింగ్ దగ్గర వాడే వాయువు. సేంద్రియ సరుకులోనూ కనిపించడంతో యూరోపియన్ యూనియన్ 2021 చివర్లో మన దేశంలో పనిచేసే 5 ధ్రువీకరణ సంస్థల గుర్తింపును తీసేసింది. రైతు చేసిన తప్పేమీ లేదు. అయినా ఆ సంస్థల కింద ఉన్న వేలమంది రైతులు వేరే సంస్థను వెతుక్కోవాల్సి వచ్చింది.

అమెరికా ఇంకా ముందే తప్పుకుంది. అపెడా గుర్తించిన సంస్థల సర్టిఫికెట్‌ను అంగీకరిస్తూ వచ్చిన ఏర్పాటును 2021 జనవరిలో రద్దు చేసింది. 2022 జూలై తర్వాత అక్కడికి సరుకు పంపాలంటే అమెరికా వ్యవసాయ శాఖ నేరుగా గుర్తించిన సంస్థ సర్టిఫికెట్ ఉండాలి. 2024 మార్చి నుంచి దిగుమతయ్యే ప్రతి సేంద్రియ సరుకుకు విడిగా ఎలక్ట్రానిక్ పత్రం తప్పనిసరి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు కొనే కందిపప్పు సంచి మీద 'యూఎస్‌డీఏ ఆర్గానిక్' గుండ్రటి ముద్ర ఉందంటే అది ఈ రెండో తనిఖీ దాటి వచ్చిందని అర్థం. కలగలుపు పదార్థాలైతే, ఉదాహరణకు ఇడ్లీ పిండి మిక్స్, ఉప్పూ నీళ్లూ పక్కనపెట్టి 95 శాతం దినుసులు సేంద్రియమైతేనే ఆ ముద్ర వేయొచ్చు. 70 శాతం దాటితే 'సేంద్రియ దినుసులతో చేసినది' అని రాసుకోవచ్చు, ముద్ర వేయకూడదు.

దేశాల మధ్య ఒకరి ముద్రను ఒకరు ఒప్పుకోకపోతే భారమంతా చివరికి రైతు మీదికే వస్తుంది. ఒకే పొలానికి రెండు మూడు తనిఖీలు, రెండు మూడు ఫీజులు. 2024లో తైవాన్‌తో పరస్పర గుర్తింపు ఒప్పందం కుదిరింది. ఇలాంటివి ఎన్ని కుదిరితే అంత మేలు. అవి కుదరాలంటే ముందు మన ఇంటి లెక్కలు సరిగ్గా ఉండాలి.

పక్క రైతు చూసే పద్ధతి

రెండో దారి పీజీఎస్. తెలుగులో చెప్పాలంటే అందరూ పాలుపంచుకునే హామీ పద్ధతి. బయటి ఇన్‌స్పెక్టర్ ఉండడు. ఒకే ఊళ్లో లేదా పక్కపక్క ఊళ్లలో కనీసం 5 మంది రైతులు గుంపుగా చేరి, మందులు వాడబోమని ప్రతిజ్ఞ రాసి, ఒకరి పొలాలు ఒకరు చూసుకుంటారు. ఎవరైనా తప్పితే ఏం చేయాలో ముందే తీర్మానం చేసుకుంటారు. మార్పు దశలో ఉన్నవారికి 'పీజీఎస్-ఇండియా గ్రీన్', అది దాటినవారికి 'పీజీఎస్-ఇండియా ఆర్గానిక్' ముద్ర. కేంద్ర వ్యవసాయ శాఖ దీన్ని ఘాజియాబాద్‌లోని జాతీయ కేంద్రం ద్వారా నడుపుతోంది. ఎగుమతికి ఇది చెల్లదు. దేశంలో అమ్మకానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ దీన్నీ ఎన్‌పీఓపీతో సమానంగా అంగీకరిస్తుంది.

మన తెలుగు నేలకు ఈ పద్ధతితో పాత బంధం ఉంది. పీజీఎస్ కోసం స్వచ్ఛంద సంస్థలు కలిసి పెట్టుకున్న జాతీయ మండలి వ్యవస్థాపకుల్లో జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది, చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ ఉంది. కొర్రలు, సజ్జలు, వేరుశనగ పండించే మెట్ట రైతులకు విదేశీ తనిఖీ ఫీజులు అందని పని అని వాళ్లు ముందే గ్రహించారు. తమ ఊళ్లో ఎవరు ఎప్పుడు ఏ దుకాణం నుంచి డబ్బా తెచ్చారో పక్క చేను రైతుకు తెలిసినట్టు ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు తెలియదు. ఆ తెలివిడినే ఈ పద్ధతి తనిఖీగా మారుస్తుంది. పైగా ఇందులో గుంపులోని ప్రతి పొలాన్నీ చూస్తారు, సర్టిఫికెట్ రైతు పేరు మీదే వస్తుంది.

దీని బలహీనతా అక్కడి నుంచే వస్తుంది. ఊళ్లో బంధుత్వాలుంటాయి, అప్పులుంటాయి, పెద్దరికాలుంటాయి. బాబాయి చేలో కలుపు మందు కొట్టాడని అబ్బాయి కాగితం మీద రాస్తాడా? గుంపు పథకం డబ్బు కోసమే ఏర్పడితే అసలు చూడడమే జరగదు. ఒకరు అందరి ఫారాలూ నింపేస్తారు. పైన ఉండే ప్రాంతీయ మండళ్లు వచ్చి కొన్ని పొలాలు తిరిగి చూడాలి, అవశేష పరీక్షలకు నమూనాలు తీయాలి. ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. రైతుకు ఉచితంగా దొరికే సర్టిఫికెట్‌కు విలువ రావాలంటే దాని వెనక తనిఖీ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ ఖర్చు రైతు మీద వేయకూడదన్నది ఎంత నిజమో, అసలు పెట్టకపోతే పని జరగదన్నదీ అంతే నిజం.

జనగామ జిల్లా ఏనబావి రైతులు ఇరవై ఏళ్ల కిందట ఊరు మొత్తం మందులు మానేశారు. ఊరంతా మానేస్తే పక్క చేను తుంపర్ల బెడద ఉండదు, ఒకరినొకరు అనుమానించుకోవాల్సిన పనీ తగ్గుతుంది. సిక్కిం ఇదే పనిని రాష్ట్ర స్థాయిలో చేసింది. 2003లో మొదలుపెట్టి, దాదాపు 75,000 హెక్టార్లు మార్చి, 2016 జనవరిలో సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకుంది. రసాయన మందుల అమ్మకాన్నే చట్టంతో ఆపేసింది. ఒక్కో రైతును విడివిడిగా పట్టుకుని 'నువ్వు వాడలేదని రుజువు చూపించు' అనడం కంటే ఇది మేలైన దారి. అక్కడ రసాయనాల వాడకం ముందే తక్కువ కాబట్టి కుదిరింది. గుంటూరు మిర్చి, గోదావరి వరి దగ్గర అంత తేలిగ్గా అయ్యేది కాదు.

పొట్లం మీద ఏం చూడాలి

సేంద్రియ ఆహారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన 'జైవిక్ భారత్' ముద్ర, దానితోపాటు ఇండియా ఆర్గానిక్ లేదా పీజీఎస్-ఇండియా ముద్ర, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, ధ్రువీకరణ వివరాలు, లాట్ నంబర్ ఉండాలి. 'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్', 'సంప్రదాయ', 'దేశీ' లాంటి మాటలకు సేంద్రియ చట్టంలో చోటే లేదు. 'నేచురల్' అన్న మాటకు ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రకటనల నిబంధనల్లో వేరే అర్థం ఉంది. ఏమీ కలపని, సహజంగా దొరికిన ఒకే పదార్థం అని. పంటకు మందు కొట్టారా లేదా అన్నది ఆ మాట చెప్పదు.

ముద్ర లేనంతమాత్రాన రైతు అబద్ధం చెబుతున్నట్టు కాదు. తాను పండించింది తినేవాళ్లకే నేరుగా అమ్మే చిన్న రైతుకు, ఏడాది అమ్మకాలు 12 లక్షల రూపాయలు దాటకపోతే, సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. జైవిక్ భారత్ ముద్ర మాత్రం వాడకూడదు. ఇది మంచి నిబంధన. ఆదివారం సంతలో బియ్యం బస్తా తెచ్చి అమ్మే రైతును దుకాణపు లెక్కలతో వేధించకుండా వదిలేసింది. ఆయన దగ్గర కొనేటప్పుడు అడగాల్సినవి వేరు. ఎన్నేళ్ల నుంచి మందు మానేశారు, విత్తనం ఎక్కడిది, అగ్గితెగులు వచ్చినప్పుడు ఏం చేశారు, కలుపు ఎలా తీయించారు, వచ్చి పొలం చూడొచ్చా? నిజంగా చేసేవాళ్లు ఈ ప్రశ్నలకు ఇష్టంగా, వివరంగా జవాబు చెబుతారు. ఎన్నిసార్లు దెబ్బతిన్నారో కూడా చెబుతారు.

మధ్యలో దుకాణం వచ్చిందంటే మినహాయింపు వర్తించదు. 'మా రైతుల దగ్గర నుంచి తెస్తాం' అని చెప్పి ఏ కాగితమూ లేకుండా ఆర్గానిక్ అని అమ్మే దుకాణాన్ని నిలదీసే హక్కు మనకు ఉంది.

ప్రకృతి వ్యవసాయం దగ్గర వచ్చే చిక్కు

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరిస్తూ వస్తోంది. మహిళా సంఘాలు, అనుభవమున్న రైతులే మిగతా రైతులకు నేర్పడం దీని బలం. 2024లో పోర్చుగల్ ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్న ముగ్గురిలో ఈ కార్యక్రమం ఒకటి. ఆవు పేడ, మూత్రం, వేపాకు లాంటివాటితో చేసుకునే ఘనజీవామృతం, ద్రవజీవామృతం, నీమాస్త్రం వాడే ఈ రైతుల్లో చాలామంది పంట మాత్రం దళారీ చేతిలో మామూలు పంటలో కలిసిపోతుంది. పద్ధతి ఉంది, కాగితం లేదు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన 2,481 కోట్ల రూపాయల జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో తేలికైన ధ్రువీకరణ, ఉమ్మడి బ్రాండ్ గురించి చెప్పారు. అది మరో ముద్రగా, మరో గందరగోళంగా మిగలకుండా పీజీఎస్‌తో కలిసి నడిస్తేనే కొనేవాళ్లకు అర్థమవుతుంది.

నిజాయితీగా చేసే రైతు తెలియకుండానే దెబ్బతినే చోటు ఒకటుంది. అది మందుల దుకాణం. 'బయో' అని పేరు పెట్టుకున్న సీసాలు మన ఊళ్లలో ఎన్నో అమ్ముడవుతాయి. కొట్టిన మర్నాటికే పురుగు రాలిపోతుంటే ఆ సీసాలో వేపనూనె తప్ప ఇంకేదో ఉందని అనుమానించాలి. జీవన ఎరువులు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి, జీవ పురుగుమందులు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కిందికి వస్తాయి. రెండిటికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేని సీసా కొని వాడిన రైతు, అవశేషం బయటపడితే మూడేళ్ల కష్టం పోగొట్టుకుంటాడు. శిక్ష రైతుకు పడుతుంది, సీసా తయారుచేసినవాడు దొరకడు. బయట కొన్న ఏ మందైనా వాడే ముందు ధ్రువీకరణ సంస్థనో, గుంపునో అడగాలన్న నియమం ఇందుకే ఉంది. ఆ నియమంతోపాటు దుకాణాల మీద దాడులు, నమూనాల పరీక్షలు కూడా జరగాలి.

అన్నిటికంటే పెద్ద ఖాళీ కౌలు రైతు దగ్గర ఉంది. ధ్రువీకరణ సర్వే నంబర్ మీద నడుస్తుంది. పట్టాదారు పాస్‌బుక్కో, కౌలు ఒప్పందమో చూపించాలి. గోదావరి జిల్లాల్లో వరి పండించేవాళ్లలో పెద్ద భాగం కౌలు రైతులే, చాలామందికి నోటిమాట ఒప్పందమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ఇచ్చే సాగుదారు హక్కు కార్డు కాలం 11 నెలలు. కన్వర్షన్‌కు కావాల్సింది 24 నుంచి 36 నెలలు. ఒకరు రెండేళ్లు నేలను బాగుచేశాక భూమి యజమాని కౌలు పెంచి మరొకరికి ఇస్తే, బాగుపడిన నేల యజమానిది, పోయిన దిగుబడి కౌలు రైతుది. ఇది తెలిసిన ఏ కౌలు రైతూ యూరియా మానేయడానికి ధైర్యం చేయడు, అందులో అతని తప్పు లేదు.

దీనికి పరిష్కారం లేకపోలేదు. ప్రభుత్వ సాయం తీసుకునే సేంద్రియ గుంపుల్లో భూమి యజమాని కనీసం మూడేళ్ల కౌలుకు రాసివ్వాలని షరతు పెట్టొచ్చు. యజమాని ముందే వెనక్కి తీసుకుంటే కన్వర్షన్ సాయంలో కౌలు రైతు వాటా అతనికే దక్కేలా చేయొచ్చు. పొలం మార్పు దశ ఎంతవరకు వచ్చిందో సర్వే నంబర్ వారీగా పీజీఎస్ రికార్డులో ఉంచితే, సాగుదారు మారినా లెక్క మళ్లీ మొదటికి రాదు. రైతు సేవా కేంద్రాల్లో ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఈ-క్రాప్ నమోదు ప్రతి సీజన్‌కూ ఎలాగూ జరుగుతోంది. అందులో సాగుదారు పేరు పక్కన ఇంకో గడి చేర్చడం పెద్ద పనేమీ కాదు.